బావగారి ఫ్రిజ్‌కు జ్వరం

మా బావ రోజుకు నలభైసార్లు ఫ్రిజ్‌కు జ్వరం చూస్తాడు. అబద్ధమాడితే కాన్వెంటులో సిస్టర్లు బెత్తం తీసేవారు కనుక సవరించుకుంటున్నాను: నలభై కాదు, ఆరు. కాలేజీ లాబ్‌లో పనిచేసి రిటైరైన మనిషి. పై అరలో పొడవాటి థర్మామీటరు పడుకోబెట్టి, ఎనిమిది డిగ్రీలు దాటిందంటే ఇంటిల్లిపాదినీ బోనెక్కించేవాడు.

"తలుపు ఎవరు తీశారు?"

"నేనే. పెరుక్కోసం" అనేది అక్క.

"ఎంతసేపు?"

"పెరుగు తీసుకోడానికి ముహూర్తం కూడా పెట్టించాలా?"

చివరికి ఫ్రిజ్‌కు తాళం పడింది. పాలూ పెరుగూ గట్టు మీదికొచ్చి పులిశాయి. "మీ బావకి ముదిరిందిరా, ఒకసారి రా" అని అక్క ఫోన్ చేస్తే వెళ్ళాను.

ఆ మధ్యాహ్నమే కరెంటు పోయింది. గంటసేపు చూసి బావ తాళం తీశాడు. ఒక అట్టపెట్టెకు తువ్వాలు చుట్టి, ఐసు నింపిన డబ్బాలో పెట్టుకుని వీధిలోకి పరుగు. వెనకే నేను. జనరేటరున్న ఐస్‌క్రీం కొట్లో ఆగాడు.

"ఏంటి బావా అది?"

"నీకెందుకురా?"

కొట్టతను నవ్వాడు. "దర్జీగారి పాప మందేగా సార్! కరెంటు పోతే ఇక్కడికే తెస్తారు."

మిగతాదీ కొట్టతనే చెప్పాడు. పాపకు ఏడేళ్ళు. పుట్టుకతోనే ఊపిరితిత్తుల్లో కఫం జిగురులా గట్టిపడే జబ్బు. పెట్టెలో ఉన్నది ఆ జిగురును తెంపే ఎంజైము మందు, రోజుకొకటి చొప్పున ముప్ఫై చిన్న గొట్టాలు. చల్లగా లేకపోతే పనిచేయదు. ఫ్రిజ్ లేని దర్జీ కుండలో దాచి, పోయిన ఎండాకాలం పెట్టెడు మందు పాడుచేసుకున్నాడు. పాప పదిరోజులు ఆక్సిజన్ మీద ఉంది. బిడ్డను అందరూ జాలిగా చూస్తారని, ఇంకెవరికీ చెప్పొద్దని బావ దగ్గర మాట తీసుకున్నాడట.

మర్నాడు పొద్దున బావ వాకింగుకు వెళుతుంటే వెంటపడ్డాను. దర్జీ ఇంట్లో ఆయనే చిన్న గొట్టం మూత తుంచి మందు మెషీన్లో పోశాడు. పాప మాస్కు పెట్టుకుని తుంపర పీల్చింది. కాసేపటికి దగ్గు మొదలైంది. అంత చిన్న ఒంట్లో అంత దగ్గా! వాళ్ళమ్మ వీపు తడుతుంటే బావ వాచీ చూస్తూ కూర్చున్నాడు గానీ, ఆయన కూడా ఊపిరి పీల్చడం లేదు. కఫం పడింది. పాప గుండెల నిండా గాలి తీసుకుంది.

"తాతా, ఇవాళ పిల్లికూత లేదు!"

"ఆఁ, ఆఁ. నోరు కడుక్కో" అన్నాడు బావ, కిటికీ వైపు తిరిగి.

నా నోట్లో నువ్వుగింజ నానదు. ఇంటికి రాగానే అక్కకు మొత్తం చెప్పేశాను. అక్క బావ వైపు తిరిగింది.

"నిజమేనా అండీ?"

"పాపా లేదు, దర్జీ లేడు. వీడి కోతలు నువ్వూ నమ్ముతావా? అవి నా కంటి చుక్కలు."

"ముప్ఫై గొట్టాలా?"

"కళ్ళు రెండున్నాయిగా" అన్నాడు బావ.