మా దొంగభాషకు విభక్తులు

మనవడి బొమ్మ పార్శిల్ విప్పుతుంటే గోధుమరంగు టేపు వాసనకు, చిన్నప్పుడు మేమున్న సౌదీ ఊరు హుఫూఫ్ గుర్తొచ్చింది. గల్ఫ్ యుద్ధంలో విషవాయువు భయంతో కిటికీలన్నింటికీ ఆ టేపే అంటించుకున్నాం. ఆ మూసిన గదిలో అన్న, నేను సొంత భాష కట్టాం. ఇంట్లో విన్న మాటలే దానికి విభక్తులు. అమ్మ క్షిపణులనైనా నమ్మేది గానీ మమ్మల్ని నమ్మేది కాదు. ఆ భాష రాసుకున్న మా నోటుపుస్తకం పట్టుకుని బాపుకిచ్చింది.

"పోలీసులు చూస్తే గూఢచారులంటరు, చింపేస్త! 'లో'కు 'టేప్' ఏందే?"

"టేపేసిన అర్రల్నే ఉన్నం గదా, బాపూ."

"మరి 'నుంచి'కి 'ఖురూజ్' ఎందుకు?"

"దేశం దాటే కాగితం అదేనట గదా. అమ్మకు, మాకే తెస్తనని వంటింట్ల చెప్తుంటివి."

చింపబోయిన చేయి ఆగింది. అమ్మ మొహం తిప్పుకుంది.

"నువ్వెందుకు రావు?" అన్న అడిగాడు.

బాపు పుస్తకం మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. మేం ముగ్గురమే విమానమెక్కాం.