గొంతుకి సెలవిచ్చిన పది రోజులు

ఫోన్లో ఒక పెద్దావిడ నన్ను "సార్" అన్న రోజే నాకు అనుమానం రావాల్సింది. రాలేదు సరికదా, నవ్వొచ్చింది.

రాయదుర్గంలో ఒక కంపెనీలో వాయిస్ ప్రాసెస్‌లో పదకొండేళ్లు పనిచేశాను. ఎక్కడో విదేశంలో హోటల్ గది బుక్ చేసుకున్నవాళ్లు ఫోన్ చేసి తిడితే, హెడ్‌సెట్ పెట్టుకుని షిఫ్టంతా క్షమాపణలు చెప్పే పని. ఆ రోజు మూడో కాల్‌లో పలకరించబోతే మాట సగం గాలిగా పోయింది, మిగతా సగం బొంగురుగా వచ్చింది. అవతలి ఆవిడ అంతా విని "థాంక్యూ సార్" అని పెట్టేసింది. పక్క సీటు సంధ్యకి చెప్తే ఇద్దరం కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వుకున్నాం.

జలుబనుకున్నాను. మిరియాల పాలు తాగాను, ఉప్పునీళ్లు పుక్కిలించాను. పొద్దున బాగానే ఉండే గొంతు సాయంత్రానికి జీరబోయేది. అలా నాలుగు నెలలు లాక్కొచ్చాను. "మందుల షాపులో అడిగి గోలీలు తెచ్చుకునే బదులు డాక్టర్‌కి చూపించుకోవచ్చు గదా" అని మా ఆయన రోజూ సణిగేవాడు. నేను వినలేదు. ఎందుకంటే సిక్ లీవులన్నీ అమ్మ కోసం దాచేదాన్ని.

అమ్మకి రుమటాయిడ్ ఆర్థ్రైటిస్. కామారెడ్డి దగ్గర మా ఊళ్లో ఇరవై ఏళ్లు బీడీలు చుట్టి నన్ను చదివించింది. తర్వాత ఆ వేళ్లే వాచి, కణుపుల దగ్గర బిగుసుకుపోయాయి. నా దగ్గరికి వచ్చేనాటికి పొద్దున గ్లాసు పట్టుకోవడం కూడా కష్టంగా ఉండేది. మామూలు మాత్రలకి లొంగలేదు. ఆరు నెలలకొకసారి ఆస్పత్రి డే కేర్‌లో పడుకోబెట్టి సెలైన్‌లో ఎక్కించే ఇంజెక్షన్ ఒకటి పనిచేసింది. అమ్మ దాన్ని "సూది" అంటుంది. అది మేం సొంతంగా కొనుక్కోగలిగే మందు కాదు. మా కంపెనీ ఇన్సూరెన్స్‌లో తల్లిదండ్రులకి కూడా కవర్ ఉంది, ముందు నుంచీ ఉన్న జబ్బులకి కూడా వర్తిస్తుంది. మా ఆయన లిఫ్టుల మెయింటెనెన్స్‌లో కాంట్రాక్టు మీద పనిచేస్తాడు. ఆయనకి అలాంటివేవీ లేవు.

ఆ ఉద్యోగం నాకు ఇష్టం లేదు. ఇక్కడ ఇంత తేలిగ్గా రాసేశాను గానీ పదకొండేళ్లు ఈ మాట ఎవరికీ చెప్పలేదు. నేను బి.ఎడ్. చదివాను. పిల్లలకి లెక్కలు చెప్పాలని ఉండేది. కొండాపూర్‌లో మా వీధి చివరి స్కూలు వాళ్లు రెండుసార్లు అడిగారు కూడా. అక్కడ ఇన్సూరెన్స్ లేదు, కాబట్టి నేను ఆలోచించలేదు. ఇంటికొచ్చాక అమ్మ "ఎట్లుండె బిడ్డా ఇయ్యాల?" అని అడిగేది. "మస్తుగుండెనే" అనేదాన్ని, కస్టమర్లతో మాట్లాడే అదే హుషారు గొంతుతో. మా ట్రైనింగ్‌లో నవ్వు గొంతులో వినపడాలని నేర్పిస్తారు. అమ్మకి బాగానే వినపడేదనుకుంటాను.

చివరికి ఒక వీక్లీ ఆఫ్ రోజున మాదాపూర్‌లో ఈఎన్‌టీ డాక్టర్ దగ్గరికి వెళ్లాను. నెరిసిన జుట్టాయన, తొందరలేని మనిషి. సన్నటి కెమెరా లోపలికి పెట్టి లారింగోస్కోపీ చేశారు. నా గొంతు లోపలి భాగం టీవీలో చూడటం అదే మొదలు.

"కుడి వైపు వోకల్ కార్డ్, అంటే స్వరతంత్రి మీద చిన్న బొబ్బలా ఉంది, కనపడుతోందా? పాలిప్ అంటారు. భయపడాల్సింది కాదు. రోజుకి ఎంతసేపు మాట్లాడతారమ్మా?"

"షిఫ్టంతా సార్."

ఆయన పెన్ను కింద పెట్టేశారు. "రెండు వారాలు వాయిస్ రెస్ట్. తర్వాత స్పీచ్ థెరపీ. అయినా తగ్గకపోతే సర్జరీ."

మా టీమ్ లీడర్ కార్తీక్ చెడ్డవాడు కాదు. "అక్కా, ఈ నెల మనుషుల్లేరు. ఒక్క వారం ఇయ్యగలుగుత, ఏమనుకోకు" అన్నాడు. ఆ ఒక్క వారం తీసుకుని, ఇంట్లో నా తెలివంతా ఉపయోగించి గుసగుసగా మాట్లాడాను. కూరగాయల బండి దగ్గర బేరం కూడా గుసగుసగానే ఆడాను. మళ్లీ చూపించుకుంటే పాలిప్ ఎర్రగా, ఇంకాస్త పెద్దగా ఉంది.

"గుసగుసలాడమని ఎవరు చెప్పారమ్మా మీకు? గొంతుకి మామూలు మాట కన్నా అదే ఎక్కువ కష్టం" అన్నారు డాక్టర్. ఎవరూ చెప్పలేదు. పొదుపు చేస్తున్నాననుకున్నాను.

పనిలో చేరిన నాలుగో రోజున ఒక కస్టమర్ అరుస్తుంటే, ఆయనకి వినపడాలని నేనూ గొంతు పెంచాను. లోపల ఏదో తెగినట్టయింది. ఆ తర్వాత నోరు తెరిస్తే గాలి తప్ప ఏమీ రాలేదు. సంధ్య నా హెడ్‌సెట్ లాగి, ఆ కాల్ తనే ముగించింది. కార్డ్‌లో బ్లీడింగ్ అయిందని, ఇక ఆపరేషన్ తప్పదని డాక్టర్ చెప్పారు.

మైక్రోలారింగోస్కోపీ. మత్తిచ్చి నోటి గుండానే చేస్తారు, బయట కోత ఉండదు. కౌంటర్ దగ్గర మా ఆయన నా కంపెనీ కార్డు ఇస్తే క్యాష్‌లెస్ అప్రూవల్ మధ్యాహ్నానికి వచ్చేసింది. గొంతు పోగొట్టిన కంపెనీయే గొంతు బాగుచేయించింది. ఎవర్ని తిట్టాలో తెలియక ఊరుకున్నాను, ఎలాగూ తిట్టడానికి గొంతు కూడా లేదు.

"పది రోజులు ఒక్క మాట కూడా వద్దు. గుసగుస అసలే వద్దు" అని పంపించారు.

మా ఆయన పలక, బలపాలు తెచ్చాడు. "పెండ్లయినంక ఇంట్ల ఇంత ప్రశాంతం ఇదే ఫస్ట్" అంటే దిండు విసిరాను. ఆయనతో పలక బాగానే నడిచింది. చిక్కల్లా అమ్మతో. అమ్మకి చదవడం రాదు. అందుకని తనే ప్రశ్నలడిగేది, నేను తలూపేదాన్ని. "ఛాయ్ తాగుతవా? తాగుతవ్. చక్కెర తక్కువెయ్యాల్నా? ఎందుకు, నీకేమైంది?" ఇలా ఇద్దరి తరఫునా తనే మాట్లాడేది. ఒట్టేసి చెప్తున్నాను, చిన్నప్పటి తర్వాత అమ్మ పక్కన అంతసేపు కూర్చోవడం అప్పుడే.

ఆరో రోజున అమ్మ మంచం మీద కూర్చుని మెంతికూర తుంచుతోంది. మందు ఎక్కించి ఆరు నెలలు కావస్తుండటంతో కణుపులు మళ్లీ వాయడం మొదలైంది. ఒక్కో ఆకూ నెమ్మదిగా తుంచుతూ, నా వైపు చూడకుండానే అడిగింది.

"పది దినాలైతే మల్ల నౌకరికి పోతవా?"

తల నిలువుగా ఊపాను.

"పోబుద్ధయితదా?"

అలవాటు కొద్దీ నా నోరు "మస్తు" అనబోయింది. గొంతు లేదు. ముఖం మీదికి నవ్వు తెచ్చుకున్నాను గానీ, గొంతు లేకుండా ఆ నవ్వు నిలబడలేదు. తల అడ్డంగా ఊపాను.

అమ్మ చేతిలో కాడ అలాగే ఉంది. "ఎన్నడన్న అయిందా?"

మళ్లీ అడ్డంగా ఊపాను.

"మరెందుకు పోతున్నవే ఇన్నేండ్ల సంది?"

దానికి తలతో జవాబు చెప్పడం రాదు. నా కళ్లు వాటంతటవే అమ్మ చేతుల మీదికి వెళ్లాయి. అమ్మ అది చూసింది. మెంతికూర వదిలేసి, రెండు చేతులూ కొంగు కింద దాచుకుంది.

నా ఆపరేషన్ కన్నా ఆ క్షణమే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

తొమ్మిదో రోజున అమ్మ ఇంజెక్షన్ స్లాట్. పొద్దున్నే లేచి "నేను రాను" అంది. మా ఆయన ఎంత బతిమాలినా కదల్లేదు. "నాకొద్దు గా సూది. బీడీలు చుట్టుడు బందై ఎన్నేండ్లాయె, ఇగ ఈ చేతులతోని ఏం పనున్నది? నా బిడ్డ గొంతు పోగొట్టుకుని నాకు సూది ఇప్పియ్యాల్నా?" అని గోడ వైపు తిరిగి పడుకుంది. నేను పలక మీద రాసి మా ఆయన చేత చదివించాను. అమ్మ చెవులు మూసుకుంది. స్లాట్ క్యాన్సిల్ అయింది. మరునాడు పొద్దున టీ గ్లాసుని వేళ్లతో పట్టుకోలేక, రెండు మణికట్ల మధ్య నొక్కిపెట్టి తాగుతుంటే చూశాను. గట్టిగా అరవాలనిపించింది. అరవకూడదు.

పదకొండో రోజున స్పీచ్ థెరపిస్ట్ దగ్గరికి వెళ్లాను. కాకినాడ వైపు అమ్మాయి. నా చేత "ఆ" అనిపించి, అంకెలు చెప్పించి, ఆఫీసులో పలకరించినట్టు పలకరించమంది. వెంటనే ఆపేసింది. "అది మీ గొంతు కాదండి, పైకి లాగి పెట్టి మాట్లాడుతున్నారు. ఇంట్లో ఎదురుగా కూర్చున్నవాళ్లతో మాట్లాడినట్టు మాట్లాడండి." మాట్లాడితే తలూపింది. "ఇదండి మీది. ఈ రోజుకి మొత్తం మీద ఐదు నిమిషాలే మాట్లాడాలి. ఎవరితో మాట్లాడతారో మీరే ఎంచుకోండి."

ఆటోలో దారంతా ఏం చెప్పాలో అనుకుంటూ వచ్చాను. అమ్మ ఎదురుగా కింద కూర్చునేసరికి అనుకున్నదంతా పోయింది.

"అమ్మా, నాకా నౌకరి ఇష్టం లేదు. నీకు అబద్ధం చెప్పిన" అన్నాను. గొంతు తక్కువ స్థాయిలో, కాస్త గరుకుగా వచ్చింది, నాకే కొత్తగా ఉంది. అమ్మ కళ్లు తుడుచుకుంది, నా గొంతు మళ్లీ విన్నందుకో, చెప్పిన ఆ మాటకో తెలియదు.

"గానీ నువ్వు పొద్దుగాల లేసి నీ జడ నువ్వే ఏసుకుంటవ్ సూడు, గది నాకిష్టం. దాని కోసం పోతున్న. నన్నెవ్వరు పంపుతలేరు, నేనే పోతున్న."

"నీ గొంతు పోయినంక నాకు జడెందుకే?"

"గొంతు పోనియ్య. ఫోన్ల పని నుంచి మార్చుమని అడుగుత. నువ్వు సూదికి రా."

"నేను రాను. ఇష్టం లేని పనికి నిన్ను పంపి నేను పండుకుని సూది ఎక్కించుకోవాల్నా?"

నాకు కోపమొచ్చింది. కోపంలోనూ గొంతు పెంచకుండా అడగడం ఆ రోజే నేర్చుకున్నాను. "నీకు బీడీలు చుట్టుడు ఇష్టమా?"

"ఇష్టమేందే? గా తంబాకు వాసనకే తలకాయ నొచ్చేది."

"మరి ఇరవై ఏండ్లు ఎందుకు చుట్టినవ్?"

అమ్మ నన్నే చూస్తూ కూర్చుంది, నా తల నుంచి కాళ్ల దాకా, నేను ఆ రోజు తన చేతుల్ని చూసినట్టే. తర్వాత కొంగు కింద నుంచి ఒక చెయ్యి తీసి నా నోటికి అడ్డం పెట్టింది.

"ఐదు నిమిషాలైనయ్. ఇగ నోరు మూసుకో. అల్లున్ని ఆటో మాట్లాడుమను."

రెండు రోజుల తర్వాత కొత్త స్లాట్ దొరికింది. సెలైన్ ఎక్కుతున్నంతసేపూ అమ్మ మాట్లాడుతూనే ఉంది, నేను తలూపుతూ కూర్చున్నాను.

అంతా అక్కడితో చక్కబడిందని రాస్తే అబద్ధమవుతుంది. కంఠానికి ఎక్కువ శ్రమ ఉండే పని వద్దని డాక్టర్ ఇచ్చిన లెటర్ హెచ్‌ఆర్‌కి ఇస్తే, ఫోన్లు ఉండని నాన్ వాయిస్‌లో ఖాళీ లేదన్నారు. రెండు నెలలు సగం కాల్స్‌తో నెట్టుకొచ్చాను. ఒకసారి గొంతు మళ్లీ బొంగురుపోతే భయంతో రెండు రోజులు అన్నం సయించలేదు. కార్డ్ వాచింది, పాలిప్ కాదన్నారు డాక్టర్. తర్వాత ఈమెయిల్ ప్రాసెస్‌లో ఒక సీటు ఖాళీ అయింది. జీతం తగ్గుతుందని, ఇన్‌సెంటివ్ ఉండదని హెచ్‌ఆర్ అమ్మాయి మొహమాటపడుతూ చెప్తోంది. నేను ఒక్కటే అడిగాను. "పేరెంట్స్ కవర్ మారదు మేడం" అంది. సంతకం పెట్టేశాను.

ఇప్పుడు ఏడాది దాటింది. క్షమాపణలు టైప్ చేస్తున్నాను. ఈ పనీ ఇష్టం లేదు, కానీ ఇది నా గొంతు అడగదు. అతికష్టం మీద ఒక ఇన్సూరెన్స్ కంపెనీ ఒప్పుకుంటే అమ్మ పేరున విడిగా పాలసీ తీసుకున్నాం. పాత జబ్బులకి అందులో ఉండే వెయిటింగ్ పీరియడ్ పూర్తయ్యేదాకా ఈ కుర్చీలోనే ఉంటాను. ఆ తర్వాత వీధి చివరి స్కూలుకి నేనే వెళ్లి అడుగుతాను. ఈ లెక్క అమ్మకీ తెలుసు. ఇద్దరం కలిసే వేసుకున్నాం.

నాలాగా మాట్లాడి బతికేవాళ్లకి చెప్పేది ఒకటే. గొంతు మూడు వారాలకు మించి బొంగురుగా ఉంటే మిరియాల పాలతో కాలయాపన చేయకండి, ఈఎన్‌టీకి చూపించుకోండి. ఇంట్లోవాళ్ల కోసం దాచుకున్న సెలవుల్లోంచి ఒకటి తీసి ముందు మీ కోసం వాడండి.

ఆ సూది తర్వాత రెండు నెలలకి అమ్మ వేళ్లు మళ్లీ సులువుగా వంగడం మొదలైంది. ఇప్పుడు పొద్దున నా టిఫిన్ డబ్బా తనే సర్దుతోంది, నన్ను ముట్టుకోనివ్వదు. మూత ఎంత బిగిస్తుందంటే, ఆఫీసులో అది నాకు రాదు. రోజూ సంధ్య దగ్గరికి తీసుకెళ్లి తీయించుకోవాల్సి వస్తోంది. ఒకరోజు ఆ సంగతి అమ్మకి చెప్పాను. "అవునా!" అని తన చేతుల్ని అటూ ఇటూ తిప్పి చూసుకుంది. మరునాడు ఇంకా గట్టిగా బిగించింది.