నేను చెప్పేదాకా ఆమెకు తెలియదు

మొన్న మా అమ్మాయి భారతి బడిలో తల్లిదండ్రుల మీటింగుకు వెళ్లాను. వెనకాల ఎవరో ఇనుప కుర్చీని బండల మీద బర్రున ఈడ్చారు. అందరూ చెవులు మూసుకున్నారు. నేను మాత్రం వెనక్కి తిరిగి ఆ కుర్చీనే చూశాను. అనంతపురంలో పెద్దాసుపత్రి వరండా చివర, మనసు బాగాలేనివాళ్లను చూసే విమల మేడం గదిలో ప్రతిసారీ ఈ చప్పుడే మొదట వినబడేది. మనం లోపలికి అడుగు పెట్టగానే ఆమె బల్ల వెనక నుంచి తన కుర్చీని ఈడ్చుకొచ్చి, మనకు కొంచెం వారగా వేసుకునేది. "ఎదురుగా కూచుంటే పోలీసు స్టేషన్ మాదిరి ఉంటాదమ్మా" అనేది. ధర్మవరంలో మగ్గాల ఇంట పుట్టిన మనిషి. మాట మా మాటే. తర్వాత బదిలీ అయి ఎటో వెళ్లిపోయింది. మీరు ఆమెను చూసి ఉండరు, అందుకే చెబుతున్నాను.

మాది కంబదూరు పక్కన చిన్న పల్లె. మా బోరు చేను చివర ఉంది, దాని స్టార్టర్ డబ్బా ఇంటి గోడకు ఉంది. కరెంటు ఎప్పుడు వస్తుందో, ఎంతసేపుంటుందో నమ్మకం లేదు కాబట్టి డబ్బా పైన ఒక బల్బు పెట్టుకుంటాం. అది వెలిగిందంటే ఇంట్లో ఎవరుంటే వాళ్లు చేతిలో పని వదిలేసి పరుగున పోయి బటన్ నొక్కాలి. పెళ్లయినప్పటి నుంచీ ఆ పని నాదే. ఒకరోజు పొద్దున మా ఆయన తిప్పేస్వామి, "బోరు కాడ వైరు జాయింటు కాలింది, సరిజేసొస్తా. మోటరు వేయొద్దు మే" అని చెప్పి పోయాడు. నేను పిండి కలుపుతూ ఊఁ అన్నాను. కాసేపటికి బల్బు వెలిగింది. పిండి చేత్తోనే పోయి బటన్ నొక్కాను. నొక్కిన తర్వాత గుర్తొచ్చింది.

ఆయన బోరు దగ్గరే షాకు కొట్టి పోయాడు. నేను నొక్కడం ఎవరూ చూడలేదు. ఊరు తనంతట తానే ఒక కథ అల్లుకుంది. కరెంటు రాగానే మోటరు దానంతటదే తిరిగేటట్టు ఒక ఏర్పాటు ఉంటుంది, మా వైపు దాన్ని ఆటో అంటారు. తిప్పేస్వామి ఆటో తీయకుండానే బోరు దగ్గరికి పోయాడన్నారు. పరామర్శకు వచ్చిన ప్రతి ఒక్కరూ, "ఎంత అజాగ్రత్త మనిషప్పా" అని పోయేవాళ్లు. మా అత్త రామక్క ఫొటో ముందు నిలబడి, "చూసుకోవద్దారా నాయనా" అని చచ్చిపోయిన కొడుకునే తిట్టేది. నేను పక్కనే ఉండి ఆ తిట్లన్నీ వినేదాన్ని. అవి నాకు రావలసినవి, ఆయనకు పోతున్నాయి. అయినా నోరు తెరవలేకపోయాను.

మెల్లమెల్లగా నాకు నిద్ర దూరమైంది. ముద్ద దిగేది కాదు. పక్క చేలో మోటరు తిరిగినా నా గుండె దడదడా కొట్టుకునేది, అరచేతులు తడిసిపోయేవి. అత్త నన్ను మొదట సోది చెప్పే ఆమె దగ్గరికి తీసుకుపోయింది. సోదికి పోయినవాళ్లు తమ బాధ చెప్పకూడదు. గమ్మున కూర్చోవాలి, ఆమే చెప్పాలి. చెబితే ఆమె మహిమ నిజమైనదని లెక్క. ఆమె బియ్యం చేతిలో పట్టుకుని, గాలి సోకిందంది. తాయత్తు కట్టింది. ఏమీ మారలేదు. చివరికి మా ఊరికి వచ్చే నర్సమ్మ విమల మేడం సంగతి చెప్పింది.

కళ్యాణదుర్గంలో బస్సు మారి పోయాం. గది బయట అత్త నా చెవిలో, "నువ్వేం చెప్పొద్దు మే. ఆమె ఏం చెప్తాదో చూస్తాం" అంది. నాకూ అదే సరిగ్గా తోచింది. లోపల కూర్చుని కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను. నిద్ర పడుతోందా, అన్నం తింటున్నావా, ఎన్నాళ్ల నుంచి ఇట్లా ఉంది అని మేడం అడిగింది. నేను ఆమె మొహమే చూస్తూ ఉన్నాను. చెప్పనీ చూద్దాం అని. అదే సమయంలో, ఒకవేళ నిజంగానే కనిపెట్టేస్తే ఏం చేయాలి అని లోపల వణికిపోతున్నాను. పైన ఫ్యాను తిరుగుతోంది. ఆమె నా నోటికి అడ్డంగా ఉన్న కొంగును, నా మొహాన్ని చూసింది. చాలాసేపటికి నవ్వింది.

"సోది చెప్పేదాన్ని అనుకుంటాండావా? నాకు అట్లాంటి మహిమ యేమీ లేదు తల్లీ. నువ్వు చెప్తేనే నాకు తెలుస్తాది."

నాకు సిగ్గేసింది. తర్వాత ఆమె తొందర లేకుండా అన్నీ విడమరచి చెప్పింది. ప్రతివారం ఇదే రోజు రావాలి, ముప్పావు గంట నీదే. ఒక్కసారికి పోయేది కాదు. మొదట్లో బాధ ఎక్కువైనట్టు కూడా ఉండొచ్చు, అప్పుడు భయపడి మానేయొద్దు. మాత్రలు నేనివ్వను, కావాలంటే పక్కగదిలో డాక్టరు ఇస్తాడు. ఈడ చెప్పింది ఈడనే ఉంటాది. "ఒక్కటి మాత్రం దాచను. నీ పానానికి ముప్పుందని తెలిస్తే ఇంట్లో ఒకరికి చెప్తా. అది ముందే చెప్తాండా, రేపు మోసం చేసిందనొద్దు."

బయటికి రాగానే అత్త అడిగింది, "ఏం చెప్పింది?"

"తనకేమీ తెల్దంట."

"దానికా ఇన్ని బస్సులు! పా, పా."

ఇక పోకూడదనే అనుకున్నాం. కానీ ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం నేను స్టార్టర్ డబ్బా మూత తెరిచి నిలబడి ఉన్నాను. ఎప్పుడు వచ్చి నిలబడ్డానో నాకే తెలియదు. భారతి బడి నుంచి వచ్చి, "అమ్మా, ఆడ ఏం చేస్తాండావ్?" అని అరిచింది. దాని గొంతులోని భయం విని మూత మూసేశాను. మరుసటి వారం నేనే అత్తను బతిమాలి బయలుదేరదీశాను.

అయినా అసలు సంగతి నోటికి రాలేదు. తలనొప్పి అన్నాను, నడుము పట్టిందన్నాను. మేడం అన్నీ విని, గొంతు తగ్గించకుండా, పెంచకుండా అడిగింది. "రత్నమ్మా, చచ్చిపోవాలనిపిస్తాందా?"

ఆ మాట నన్ను అంతవరకూ ఎవరూ అడగలేదు. అడిగితే గుర్తు చేసినట్టవుతుందని మనవాళ్ల భయం. నేను తల ఊపాను, డబ్బా సంగతి చెప్పాను. ఆమె "ఇది నేను దాచలేను. మీ అత్తను లోపలికి పిలుస్తా" అంది. నాకు ఒళ్లు మండింది. "అన్నీ చెప్పేస్తారా?" అని లేచాను. "కూచో. ఈ ఒక్క మాటే చెప్తా. యాల అట్లనిపించిందో అది నీది. నువ్వే చెప్పాల, నీకు చెప్పాలనిపించినప్పుడు." అత్త వచ్చి విన్నది. నా చెయ్యి పట్టుకుని బస్సు ఎక్కేదాకా వదల్లేదు. ఇంటికి పోగానే డబ్బాకు తాళం వేయించి తాళంచెవి కొంగుకు ముడేసుకుంది. డాక్టరు ఇచ్చిన మాత్రలు కూడా తానే లెక్కగా ఇచ్చేది. అంత మంచిగా చూసుకుంటుంటే నాకు ఇంకా కష్టమైంది. ఎవరి కొడుకును పోగొట్టానో ఆమె చేతి నీళ్లతోనే మాత్ర మింగుతున్నాను.

ఐదో వారమో ఆరో వారమో చెప్పాను. "బల్బు వెలిగింది మేడం. నొక్కినా." అంతే. ఆమె నీ తప్పేం లేదమ్మా అంటుందని ఎదురు చూశాను. అనలేదు. "పిండి దేనికి కలుపుతాండావు?" అని అడిగింది. రొట్టెలకన్నాను. ఆ రోజు ఏం చీర, ఏ వేళ, ఆయన పోతూ ఏమన్నాడు, అన్నీ అడిగింది. వారం వారం అదే రోజును మళ్లీ మళ్లీ చెప్పించింది. మొదట ఏడుపు తప్ప ఏమీ వచ్చేది కాదు. బస్సులో వాంతులయ్యేవి. మానేస్తానని రెండుసార్లు అన్నాను. "నీ ఇష్టం. వచ్చే వారం నీ కుర్చీ మాత్రం ఈడనే ఉంటాది" అంది. పోను పోను ఆ రోజులో బటన్ ఒక్కటే కాక మిగతావి కూడా కనబడసాగాయి. ఆయన గడప దాటుతూ చెప్పులు వెతుక్కోవడం, తిరిగి చూసి నవ్వడం.

"అత్తకు మీరే చెప్పండి మేడం" అని ఒకరోజు కాళ్లావేళ్లా పడ్డాను. "నేను చెప్తే అది నా మాటవుతాది. చెప్పమనను, వద్దనను. చెప్తే ఏమైతాదో నాకూ తెల్దు" అంది. ఉత్త మాట చెప్పి ధైర్యం ఇవ్వని మనిషి ఆమె.

ఒకరోజు నేను, అత్త విత్తనానికి చెనక్కాయలు వలుస్తున్నాం. పక్కింటి ఈరమ్మ వచ్చి కూర్చుని, మాటల మధ్యలో, "మీ తిప్పేసు ఆటో తీసిపోయుంటే ఇంత జరిగేదా రామక్కా, అజాగ్రత్త కాకపోతే" అంది. అత్త నిట్టూర్చింది. నా నోటి నుంచి మాట దానంతట అది రాలేదు, నేనే తెచ్చాను. "ఆయన అజాగ్రత్త కాదు. వేయొద్దని చెప్పే పోయినాడు. నేను మరిచి నొక్కినా."

ఈరమ్మ చాట కింద పెట్టి వెళ్లిపోయింది. అత్త చేతిలోని కాయను వలవకుండా అట్లే పట్టుకుని నన్ను చూసింది. తర్వాత లేచి దొడ్లోకి పోయింది. ఆ రోజు నుంచి నాతో మాట లేదు. మాత్ర, నీళ్లు మాత్రం వేళకు అరుగు మీద ఉండేవి. తిట్టినా బాగుండేదనిపించింది. కానీ ఫొటో ముందు కొడుకును తిట్టడం ఆగిపోయింది. ఒకసారి ఫొటోను కొంగుతో తుడిచి, "నిన్ను అనరాని మాటలన్నా కదరా" అంటుంటే విన్నాను.

ఆస్పత్రికి పోయే రోజు వచ్చింది. ఒక్కదాన్నే పోదామని బయలుదేరి చూస్తే, అత్త నాకన్నా ముందు బస్సు దగ్గర నిలబడి ఉంది. దారంతా కిటికీలోంచి ఎండిన చేలనే చూసింది. మేడం తలుపు తీసి నన్ను పిలిచింది. నేను లేచేలోపల అత్త లేచింది.

"దాన్ని కాదు. నన్ను కూచోబెట్టు. నాక్కూడా చెప్పేదుండాది."

తలుపు మూసుకుంది. లోపల కుర్చీ ఈడ్చిన చప్పుడు వినబడింది. అన్ని వారాలు అత్త కూర్చున్న బెంచీ మీద నేను కూర్చున్నాను. ఒకసారి ఆమె గొంతు పెద్దగా లేచింది, నా పేరు వినబడింది. చెవి పెడితే అంతా వినబడేది. నేను లేచి వరండా ఆ చివరకు పోయి నిలబడ్డాను.

ముప్పావు గంటకు బయటికొచ్చింది. కళ్లు ఉబ్బి ఉన్నాయి. "యాడికి పోయినావు మే? ఆకలైతాంది, యేమన్నా తిందాం పా" అంది. అన్ని రోజుల తర్వాత ఆమె నాతో అన్న మొదటి మాట అది.

ఆమె లోపల ఏం చెప్పిందో నేను అడగలేదు. నన్ను క్షమించిందో, తిట్టిపోసిందో ఇప్పటికీ తెలియదు. తెలుసుకోకుండానే ఇద్దరం ఒక పొయ్యి మీద వండుకుని తింటున్నాం. ఇప్పుడు మా ఊళ్లో ఎవరైనా ఆడమనిషి కళ్లు లోపలికి పోయి, తిండి మానేసి కనబడితే నేను పోయి పక్కన కూర్చుంటాను. ఎదురుగా కాదు, కొంచెం వారగా. చచ్చిపోవాలనిపిస్తాందా అని ఆ మాటనే పెట్టి అడుగుతాను. అడగడానికి నాకు ఇప్పటికీ భయమే. అయినా అడిగి, జవాబు వచ్చేదాకా అక్కడ నుంచి లేవను.