ఆకుపచ్చ చుక్క

నెబ్రాస్కాలో మా ఊరి చుట్టుపక్కల పిస్తోలు పోటీలకు వెళ్లేవాళ్లందరికీ పిస్తోళ్ల పని చేసిపెట్టేది వర్లిన్. డెబ్బై దాటినా చెయ్యి వణకదు. పిస్తోలు గొట్టం కొసన గురి చూసుకోవడానికి కంపెనీవాళ్లు బిగించిన చిన్న నల్లటి పలకకు ఇత్తడి కడ్డీ ఆనించి, సుత్తితో మెల్లగా తట్టి పక్కకు జరిపి తీస్తాడు. దాని చోట సన్నటి బెజ్జమున్న కొత్త పలక బిగిస్తాడు. ఆ బెజ్జంలో ఆకుపచ్చ ప్లాస్టిక్ పుల్ల దూర్చి, కొసలు లైటరుతో కరిగిస్తాడు. వెలుతురు తగిలితే, గురి చూసేవాడి కంటికి పుల్ల కొస చుక్కలా మెరుస్తుంది. పని చేస్తున్నంతసేపూ పెదాలు కదుపుతాడు, మాట మాత్రం బయటికి రాదు.

మొన్న గురువారం రాయిస్ వచ్చాడు. నలభై ఏళ్లుగా ఇద్దరూ కలిసే పోటీలకు వెళ్తున్నారు. "ఈ మెరుపులన్నీ చూపు ఆననివాళ్లకిరా" అని ఇన్నాళ్లూ వెక్కిరించినవాడే, శనివారం పోటీకి తనకూ ఆ చుక్క పెట్టమన్నాడు.

వర్లిన్ కొత్త పలక బిగించి, నిటారుగా ఉందో లేదో చూడమని ఖాళీ పిస్తోలు అతని చేతికిచ్చాడు. రాయిస్ గోడవైపు గురిపెట్టి నవ్వాడు.

"అబ్బ, ఏం మెరుస్తోందిరా చుక్క! లేత మొక్కజొన్న ఆకులా ఉంది!"

పుల్ల ఇంకా వర్లిన్ వేళ్ల మధ్యే ఉంది.

"ఈ పుల్ల పొట్టిదిరా" అన్నాడు వర్లిన్. "కొత్తది రావాలంటే సోమవారం దాకా ఆగాలి."

"పోటీ శనివారం కదా?"

"అవును."

రాయిస్ ముఖంలో నవ్వు పోయింది. "ఇంకా పెట్టనేలేదా?" అని మెల్లగా అడిగాడు.

"లేదురా."

రాయిస్ బల్ల అంచు తడుముకుని పిస్తోలు పెట్టాడు. సంచిలోంచి, పోటీల్లో పిస్తోలు దోపుకునే బెల్టు తీసి దాని పక్కన ఉంచాడు.

"ఇదీ నీ దగ్గరే ఉండనీ" అని, వర్లిన్ భుజం పట్టుకుని గుమ్మం దాకా నడిపించమన్నాడు.