దువ్వెన పక్కన ప్రశ్న గుర్తు

మా అమ్మాయి క్లాసులో ఎవరికో పేలు కనిపించాయని పోయిన వారం స్కూలు నుంచి ఉత్తరం వచ్చింది. ఆదివారం దాని తలకి మందు షాంపూ పట్టించి, ఫార్మసీలో కొన్న సన్నపళ్ళ స్టీలు దువ్వెనతో పాయ పాయగా దువ్వుతున్నాను. ఆ ఘాటు వాసన చేతులకి పట్టేసింది. "అమ్మా, దీనికి తెలుగులో వర్డ్ ఏంటి?" అంది. "పేల దువ్వెన" అన్నాను. అనగానే మా మేడమ్ గుర్తొచ్చారు. మేడమ్ పోయి ఏడు నెలలయింది.

మేడమ్‌ది తెనాలి. నార్త్ కరొలైనాలో నేను మాస్టర్స్ చదివిన యూనివర్సిటీలో లూవియన్ అనే భాష మీద పనిచేసేవారు. ఇప్పటి టర్కీ ప్రాంతంలో మూడు వేల ఏళ్ళ కిందట మాట్లాడిన భాష అది; ఇప్పుడు మాట్లాడేవాళ్ళు లేరు. ఒక్కో మాటకి ఒక్కో కార్డు చొప్పున ముప్ఫై ఏళ్ళుగా రాసుకున్నారు. వాటిని కంప్యూటర్‌లోకి ఎక్కించే పని 2006లో నాకు దొరికింది. అర్థం రూఢి కాని మాటల పక్కన ఆవిడ పెన్సిలుతో ప్రశ్న గుర్తు పెట్టేవారు. నాకు ఆ భాష రాదు, చూసి టైప్ చేయడమే.

ఒక కార్డు దగ్గర ఆవిడ చాలాసేపు ఆగారు. దొరికిన మట్టి పలకలన్నిటిలో ఆ మాట ఒక్కసారే ఉంది, ఏదో సామాన్ల జాబితాలో అద్దానికీ ఉన్నికీ మధ్య. కార్డు మీద ఇంగ్లీషులో 'దువ్వెన' అని రాసుంది.

"దువ్వెనే కద మేడమ్. అద్దం పక్కన ఇంకేముంటది?" అన్నాను.

"కరీంనగర్‌లో మీ ఇంట్లో అద్దం పక్కన ఏముంటాయో చెప్పు."

"దువ్వెన, బొట్టుబిళ్ళలు, మా నాన్న మీసాల కత్తెర."

"మూడు వేల ఏళ్ళయ్యాక నీలాంటి పిల్ల వచ్చి ఆ కత్తెరని దువ్వెన అంటే మీ నాన్న ఊరుకుంటారా?"

"మా నాన్న ఇప్పుడే ఊకోడు మేడమ్."

ఆవిడ నవ్వారు. పట్టకారు కావచ్చు, బ్రష్ కావచ్చు అన్నారు. "తెలియదు అన్నది కూడా పూర్తి జవాబేనమ్మా."

నాకది ఎక్కలేదు. ఆ భాషకి వాడే ప్రత్యేక అక్షరాలు కొన్ని కంప్యూటర్‌కి అందక, వాటి చోట ప్రశ్న గుర్తులు వచ్చేవి. చెత్తలా ఉందని చిన్న ప్రోగ్రామ్ రాసి, ఫైల్ మొత్తంలో ప్రశ్న గుర్తులన్నీ తీసేశాను. పాత కాపీ కూడా ఉంచలేదు. ప్రింట్ తీసి గర్వంగా ఇచ్చాను.

"నా డౌట్లేవమ్మా?" అన్నారు.

"క్లీన్ చేశాను మేడమ్."

ప్రింట్ పేజీలు చివరిదాకా తిరగేశారు. "ముప్ఫై ఏళ్ళు తెలియదు, తెలియదు అని రాసుకున్నాను. రెండు నిమిషాల్లో నన్ను సర్వజ్ఞురాలిని చేసేశావే!"

తిట్టలేదు. మర్నాటి నుంచి పక్కన కూర్చుని కార్డులు ఒక్కొక్కటే చూపించారు. నేను గుర్తులు మళ్ళీ పెట్టాను. సగం అయ్యేసరికి నాకు సన్నీవేల్‌లో ఉద్యోగం వచ్చింది. దువ్వెన కార్డు మిగిలిన సగంలో ఉండిపోయింది.

ఇప్పుడు ఆవిడ శిష్యుడొకడు ఆ కార్డులను నిఘంటువుగా అచ్చు వేయిస్తున్నాడు. నిన్న ఆ కార్డు ఫోటో పంపాడు. ప్రశ్న గుర్తు లేదు. 'దువ్వెన' పక్కన మాత్రం రబ్బరుతో రుద్దినట్టు కాగితం పలచబడి ఉంది. అప్పట్లో కార్డు చూసింది మీరే కదా, ప్రశ్న గుర్తు ఉండేదా అని అడిగాడు.

నాకు కచ్చితంగా జ్ఞాపకం లేదు. ఉండే ఉంటుంది, లేకపోతే అంతసేపు ఎందుకు ఆగుతారు? కాని నాకు నేర్పడానికే ఆగారేమో. ఉండేదని చెబితే, తర్వాత ఏదో ఆధారం దొరికి ఆవిడే చెరిపేసి ఉంటే, ఆవిడ తేల్చుకున్న మాటని నేను మళ్ళీ అనుమానంలోకి నెట్టినట్టు. లేదని చెబితే, ఆవిడ అనని మాటని ఆవిడ పేరు మీద రెండోసారి అచ్చు వేయించినట్టు. అడగడానికి మనిషి లేరు. ఫోటోని పెద్దది చేసి ఎంత చూసినా కాగితమే కనిపించింది.

తెలియదు అని జవాబు రాసి పంపాను. ఆ మాట నిజంగా ఆవిడ దగ్గర నేర్చుకుని రాశానో, ఆవిడ చాటున దాక్కున్నానో మాత్రం తేల్చుకోలేకపోతున్నాను.