గుంపులో చేరని మునిప్రసాద్ మామ

మా మునిప్రసాద్ మామ గుంపులో చేరడు. చిత్తూరు మామిడి మండీలో తూకం వేసే మనిషి, పొద్దున లేస్తే జనంతోనే పని. అయినా కొండకు నడిచిపోతే అలిపిరిలో మాతో పాటు టెంకాయ కొట్టి మాయమైపోతాడు. పెళ్లికి అందరం వ్యాన్ మాట్లాడుకుంటే తానొక్కడే బస్సెక్కుతాడు. మేం దిగేసరికి పంక్తిలో కూర్చుని పప్పన్నం కలుపుతుంటాడు.

ఇంతటి మహానుభావుడికి పిచ్చి పట్టింది దేనిమీదంటే, వేలమంది ఒకేసారి ఆడే ఆన్‌లైన్ ఆట మీద! అందులో కత్తి పట్టిన వీరులు జట్లు కట్టి అడవులు దాటాలి, రాక్షసులను చంపాలి. మా పెదనాయన కొడుకు అమర్‌నాథ్ బంధువులందరినీ పోగేసి జట్టు పెట్టాడు. మామ మాత్రం ఒంటరిగా రాక్షసుడి మీదికి పోతాడు, చస్తాడు, మళ్లీ పోతాడు.

"జట్టులోకి రా మామా. వాణ్ణి నువ్వొక్కడివే సంపలేవు," అన్నాడు అమర్.

"గుంపులో గోవిందా మనకు సేతగాదప్పా."

"దినామూ సస్తా ఉండావు గదా!"

"నా సావు నేను సస్తా. మధ్యలో నీకేం కష్టం?"

పోయినేడు మా నాయనకు పక్షవాతం వచ్చి కుడిచేయి పడిపోయింది. మాటలు కూడా తగ్గించేశాడు. ఎడమ బొటనవేలితోనైనా ఆడతాడని నేనే అమర్ జట్టులో చేర్పించాను. నాయన వీరుడు మొదటి బురదనేల దాటకముందే మిగతావాళ్లు యుద్ధం ముగించి వెళ్లిపోయేవారు.

"నీకోసం నిలబడితే మేమూ ఓడిపోతాం చిన్నాయనా," అనేశాడు అమర్. నాయన ఫోన్ బోర్లించి గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఇక ఈ మనిషి లేచి కూర్చోడేమోనని నాకు భయం పట్టుకుంది.

కొన్నాళ్లకు ఒక సాయంత్రం గదిలోంచి కేక. "ఒరే మునీ, పక్కకు తప్పుకోరా!"

పరుగెత్తాను. నాయన లేచి కూర్చుని ఉన్నాడు. ఫోన్‌లో అదే బురదనేల. నాయన వీరుడు తడబడుతూ కత్తి తిప్పుతున్నాడు, పక్కనే మామ వీరుడు కాపలా కాస్తున్నాడు. ఒకే జట్టులో లేకపోతే ఒకరి కత్తి ఇంకొకరికి తగులుతుంది, అదీ ఆ ఆట పద్ధతి.

"మీ మామ దినామూ ఆటలోకి వస్తాడే పవిత్రా, మండీ మూసినాక," అన్నాడు నాయన.

మామకు ఫోన్ చేశాను. "ఏం మామా, అమర్ జట్టులో చేరి నాయనకు తోడుండొచ్చు గదా?"

"గుంపులో ఉంటే గుంపు నడక నడవాల పాపా. ఒంటిగా ఉంటే బావ నడక నడవొచ్చు."

నాకు కళ్లు చెమర్చాయి. "నీకు ఎన్ని దండాలు పెట్టినా తక్కువే మామా," అన్నాను.

"దండాలు తర్వాతమ్మే! మీ నాయన మళ్లా నన్నే నరికేసినాడు సూడు!"

గదిలో నాయన ఎడమచేత్తో మంచం చరుస్తూ పకపకా నవ్వుతున్నాడు.