జోగారావు గారు, నేను ఆపిన విమానం

ఎండకు కాగిన సిమెంటు నేల మీద తొలకరి చినుకులు పడగానే ఒక ఆవిరి లేస్తుంది. విమానాశ్రయంలో ఆ ఆవిరిలో మట్టి వాసన తక్కువ, కిరసనాయిలు లాంటి ఇంధనం వాసన ఎక్కువ. మొన్న రాయపూర్‌లో డ్యూటీ మీద ఉండగా ఆ వాసన ముక్కుకు తగిలింది. చేతిలో కాగితాలు పట్టుకుని ఉన్నపళంగా నిలబడిపోయాను. జోగారావు గారు గుర్తొచ్చారు. మీరెవరూ ఆయన్ను ఎరగరు. పేపర్లో ఫొటో పడే మనిషేం కాదు. ముప్పై ఏళ్ళు విమానాల బరువు లెక్కలు చూసి రిటైరై, మా యూనివర్సిటీలో ఏవియేషన్ మేనేజ్‌మెంట్ పిల్లలకు పాఠాలు చెప్పిన బక్కపల్చటి మనిషి. నేనివాళ తింటున్న అన్నం ఆయన నేర్పిన పనిదే.

మాది శ్రీకాకుళం నుంచి వచ్చి రాయపూర్ రైల్వే క్వార్టర్లలో స్థిరపడిన కుటుంబం. నాన్న గూడ్సు బండి గార్డు. ఇంటర్ అయ్యాక ఏవియేషన్ చదువుతానంటే ఆయన కోపంతో గంజి పొంగినట్టు పొంగాడు. "ఇమానాల కాడ నువ్వేటి సేస్తావే? చుప్‌చాప్ రైల్వే పరీక్ష రాసుకో" అని చెవిలో ఇల్లు కట్టుకుని పోరుపెట్టాడు. నాదీ ఆయన మొండితనమే కదా, వదల్లేదు. చివరికి ఒక ఒప్పందానికొచ్చాం. ఆఖరి ఏడాది విమానాశ్రయంలో శిక్షణ ఉంటుంది. అది అవగానే అక్కడే ఉద్యోగం వస్తే సరే. రాకపోతే నోరు మూసుకుని రైల్వే ఫారం నింపాలి. ఆ మూడేళ్ళూ నేను చదివిన ప్రతి పేజీ వెనకా ఆ ఫారం కనిపిస్తూనే ఉండేది.

క్లాసులో సగంమంది కోటూ టై వేసుకుని గాల్లో తిరుగుదామని చేరినవాళ్ళు. జోగారావు గారు మొదటి వారమే మమ్మల్నందరినీ పండరీ బట్టల బజారుకు తీసుకెళ్ళి, బేళ్ళు ఎక్కించే సైకిలు రిక్షాల దగ్గర ఎండలో గంటసేపు నిలబెట్టారు. ఒక రిక్షా అతను బేళ్ళన్నీ ఎక్కించాక హ్యాండిల్ పట్టుకుని కొంచెం ఊపి చూశాడు. ముందు చక్రం తేలిపోతోంది. వెనక ఉన్న బేలును ముందుకు జరిపి, మళ్ళీ ఊపి చూసి అప్పుడు తొక్కాడు.

"చూసేరా? బరువంతా అదే. ఒక్క తులం తగ్గలేదు. చోటు మారిందంతే" అన్నారు జోగారావు గారు. "విమానానికీ ఇంతే. ఎంత ఎక్కిందన్నది సగం లెక్క. ఎక్కడ ఎక్కిందన్నది మిగతా సగం. ఈయనకి డిగ్రీ లేదు, మీకొస్తుంది. ఈయన కన్నా తక్కువ తెలిస్తే ఆ డిగ్రీ ఎందుకర్రా, పకోడీలు కట్టుకోడానికా?"

అబ్బో, తిరుగు ప్రయాణంలో మావాళ్ళ సణుగుడు వినాలి! నేను మాత్రం ఆ రోజే ఈ పనిలో పడిపోయాను. విమానం పొట్టలో ముందొక అర, వెనకొక అర ఉంటాయి. దేంట్లో ఎంత సామాను వెయ్యాలో ముందే లెక్కగట్టి కాగితం మీద రాస్తారు. ఆ కాగితాన్ని నమ్మే పైలట్ విమానం లేపుతాడు. కాగితంలో ఉన్నట్టే అరల్లో ఉందని, కళ్ళారా చూసినవాళ్ళే టిక్కు పెట్టాలి. జోగారావు గారి క్లాసులో ఈ ఒక్క విషయంలో మాత్రం క్షమాపణ ఉండేది కాదు.

శిక్షణలో ఆఖరి వారం. శిక్షణకు వచ్చినవాళ్ళలో నలుగురిని ఉద్యోగంలోకి తీసుకుంటారని, నా పేరు మొదట్లోనే ఉందని మా సూపర్‌వైజర్ చెప్పాడు. ఆ మధ్యాహ్నం కుండపోతగా వాన. సామాను సరిచూసే పని నాకప్పగించారు. విమానం ఎక్కే మెట్ల కింద తడవకుండా నిలబడి, లోడర్ల పెద్ద మనీరామ్‌ను కేకేసి అడిగాను.

"భయ్యా, హో గయా?"

"హో గే దీదీ! జమ్మో చఢ్ గే!" అన్నాడు. అయిపోయింది, అన్నీ ఎక్కేశాయి అని.

టిక్కు పెట్టేశాను. కాగితం లోపలికి వెళ్ళింది, తలుపులు మూశారు, విమానాన్ని వెనక్కి నెట్టే ట్రాక్టరు తగిలించారు. అప్పుడు చూశాను. ముందు అరకు సామాను ఎక్కించే బెల్టు మీద వానకు కప్పిన టార్పాలిన్ కప్పినట్టే ఉంది. తాడు కూడా విప్పలేదు. బెల్టు నడవకపోతే ముందు అర సామాను ఎటు పోయినట్టు? మనీరామ్ అబద్ధమాడలేదు. అన్నీ ఎక్కాయి. ఎక్కడ ఎక్కాయని నేనడగలేదు!

ఆ నిమిషంలో నాకు రైల్వే ఫారం కనబడలేదంటే అబద్ధం. బాగా కనబడింది. అయినా కాళ్ళు పరిగెత్తాయి. సూపర్‌వైజర్ చెయ్యి పట్టుకుని "ఆపండి సార్, నేను చూడకుండా టిక్కు పెట్టాను" అని అరిచాను. విమానం ఆగింది. తలుపు తీస్తే బెల్టు చెడిపోయిందని సామానంతా వెనక అరలోనే కుక్కేసి ఉంది. అంతా దింపి, మళ్ళీ సర్ది పంపేసరికి గంట దాటింది. కిటికీల్లోంచి ప్రయాణికులు నన్నే చూస్తున్నట్టనిపించి తలకొట్టేసినట్టయింది.

మర్నాడు ఊళ్ళోనే తెలీబంధాలో ఉన్న జోగారావు గారింటికి వెళ్ళాను. నిజం చెప్పొద్దూ, మెచ్చుకుంటారనే వెళ్ళాను. ఆయనంతా విని, "ఆపేవు, సరే. టిక్కెందుకు పెట్టేవు?" అన్నారు.

"వానండీ..."

"వాన పెట్టిందా టిక్కు?"

నాకు ఏడుపొచ్చేసింది. ఆయన ఓదార్చలేదు. తెల్లకాగితం ముందు పెట్టి రిపోర్టు రాయమన్నారు. వాన అనీ, బెల్టు అనీ రెండుసార్లు రాస్తే రెండుసార్లూ చింపేశారు. మూడోసారి 'నేను కళ్ళతో చూడకుండా టిక్కు పెట్టాను. ఈ ఆలస్యానికి కారణం నేనే' అని రాశాను.

"ఇది ఇస్తే నాకు ఉద్యోగం రాదు సార్."

"రాదు" అన్నారు. తరువాత గొంతు తగ్గించి, "నేనూ పెట్టేనమ్మా ఒకసారి, చూడకుండా. విమానం లక్షణంగా వెళ్ళింది, లక్షణంగా దిగింది. సామాను తప్పు అరలో ఉందని అట్నుంచి ఫోనొచ్చింది. నా దగ్గరున్న కాగితం దిద్దేసి ఊరుకున్నాను. అందరూ మర్చిపోయేరు. మా ఆవిడకి కూడా చెప్పలేదు. ఇరవయ్యేళ్ళయింది, ఇప్పటికీ విమానం చప్పుడు వినబడితే నాకు ముందా కాగితమే గుర్తొస్తుంది. నువ్వు అలా బతక్కూడదు" అన్నారు. గుమ్మం దాకా వచ్చి, "నేనున్నన్నాళ్ళూ ఎవరికీ చెప్పకు. పోయాక పిల్లలకి చెప్పు" అన్నారు.

రిపోర్టు ఇచ్చాను. ఉద్యోగం రాలేదు. రైల్వే ఫారం నాన్న ముందు పెట్టి, జరిగింది చెప్పి, "మాట మాటే, నింపుతాను. కానీ ఒక్క ఏడాది గడువియ్యి, ఇంకో కంపెనీలో ప్రయత్నిస్తాను" అన్నాను. నాన్న రిపోర్టు నకలు రెండుసార్లు చదివాడు. "బండి కదిలాక తప్పు నాదని సెప్పిన గార్డుని నానింతవరకు సూడనేదే" అని ఫారం మడిచి బీరువాలో పడేశాడు. ఏడాది తిరక్కుండా ఇంకో కంపెనీలో చేరాను.

జోగారావు గారు పోయి నాలుగేళ్ళయింది. ఇప్పుడు కొత్తగా చేరినవాళ్ళకు బరువు లెక్కలు నేర్పేది నేనే. ఇన్నేళ్ళలో నా పేరు మీద మూడు ఆలస్యాలున్నాయి, మూడూ నా చేత్తో రాసుకున్నవే. మొదటిరోజు లెక్కలు మొదలుపెట్టక ముందే ఆ మూడూ చదివి వినిపిస్తాను. నాలుగోదిగా ఆయన దిద్దేసిన కాగితం సంగతి చెప్తాను, పేరుతో సహా.